ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ కొనేవారికి హెచ్చరిక: బిల్లు వద్దన్న ఆ దుకాణంలో నాకు జరిగింది

ఆ దుకాణం నుంచి ఇంటికి వచ్చి గంట కూడా కాలేదు, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. విశాఖపట్నంలో రాస్ప్‌బెర్రీ పై, ఆర్డుయినో వంటి, ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులతో సొంతంగా ఏదో ఒకటి చేసుకునేవారికి జగదాంబ కూడలి పరిసరాల్లోని ఆ విడిభాగాల దుకాణం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పేరు రాయడం లేదు. కానీ చౌకగా ఒక ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ (కార్డుల్లో, స్టిక్కర్లలో ఉండే చిప్‌ను రేడియో తరంగాలతో చదివే పరికరం) కొనుక్కుందామని ఈ వారంలో మీలో ఎవరైనా అటు వెళ్లబోతుంటే, ముందు ఇది చదవండి.

మద్దిలపాలెంలోని మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల కోసం కింది గదిలో చిన్న గ్రంథాలయం పెట్టుకున్నాం. ఏ పుస్తకం ఎవరి ఇంట్లో ఉందో దానంతట అదే నమోదయ్యేలా చేయాలని 140 పుస్తకాలకు లోపల చిన్న చిప్ ఉండే ఎన్‌టాగ్ 213 స్టిక్కర్లు అంటించాను. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 3 బి ప్లస్ ఉంది. రీడర్ ఒక్కటే మిగిలింది.

శనివారం వెళ్లి ఆర్‌సీ 522 అనే రీడర్ మాడ్యూల్ అడిగాను. అది అయిపోయిందని, దానికన్నా మంచిది ఉందని చెప్పి యజమాని ఈఎం-18 రీడర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆర్‌సీ 522కి ఏడు తీగలు కలపాలి, దీనికి మూడు చాలన్నాడు. నేను రెండే ప్రశ్నలు అడిగాను. ఎన్‌టాగ్ స్టిక్కర్లను ఇది చదువుతుందా? రాస్ప్‌బెర్రీ పైకి నేరుగా కలపవచ్చా? రెండింటికీ ఆయన ఇచ్చిన సమాధానం ఒక్కటే: “అన్నీ చదువుతుంది మాస్టారూ, డైరెక్టుగా పెట్టేయండి, కాలేజీ పిల్లలు ఎంతమంది పట్టుకెళ్లారో.” పక్కనే ఉన్న కుర్రాడిని పిలిచి చూపించమన్నాడు. ఆ అబ్బాయి రీడర్‌తో పాటు వచ్చిన తెల్ల కార్డును దగ్గర పెట్టగానే బీప్ అని మోగింది. నా చొక్కా జేబులో ఎన్‌టాగ్ స్టిక్కర్ ఉంది. దాన్ని తీసి “దీన్ని కూడా ఒకసారి పెట్టి చూపించు బాబూ” అని ఉంటే ఈ కథంతా అక్కడే ముగిసేది. నేను అనలేదు. ఆ ఒక్క మాట నోట రానందుకు రెండు రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆపై బిల్లు అడిగాను. “బిల్లెందుకు మాస్టారూ, రాస్తే పద్దెనిమిది శాతం ఎక్స్‌ట్రా మీకే. మనం ఎక్కడికి పోతాం, ఏదైనా అయితే తీసుకురండి, చూసుకుందాం” అన్నాడు. ₹420 ఫోన్‌లో చెల్లించి, బిల్లు లేకుండానే వచ్చేశాను.

ఆయన చెప్పిన రెండు మాటలూ అబద్ధాలే. ఈఎం-18 పనిచేసేది 125 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎన్‌టాగ్ స్టిక్కర్లు పనిచేసేది 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర. రెండింటినీ ఆర్‌ఎఫ్‌ఐడీ అనే పిలుస్తారు కానీ ఒకదాని రీడర్‌కు రెండోదాని కార్డు కనపడనే కనపడదు. ఎంత దగ్గర పెట్టినా, ఎంతసేపు పెట్టినా అంతే. రెండో అబద్ధం ఇంకా ప్రమాదకరమైనది. ఈఎం-18 నడిచేది 5 వోల్టుల మీద, అది సమాచారం పంపే పిన్ కూడా 5 వోల్టులనే ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై మీది 40 పిన్నులలో సంకేతాలు అందుకునేవన్నీ 3.3 వోల్టులవి, అంతకు మించితే తట్టుకునే ఏర్పాటు వాటికి లేదు. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓముల రెసిస్టర్లు రెండు పెట్టి వోల్టేజి తగ్గించి ఉంటే సరిపోయేది. ఆ రెసిస్టర్లు ఆ దుకాణంలోనే డబ్బాల నిండా ఉన్నాయి, వాటి ఖరీదు రెండు మూడు రూపాయలు. ఆ మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

ఆదివారం రాత్రి 5 వోల్టులను రెండో పిన్‌కు, గ్రౌండ్‌ను ఆరో పిన్‌కు, రీడర్ సమాచారం పంపే తీగను పదో పిన్‌కు కలిపాను. తెల్ల కార్డు పెడితే తెర మీద 12 అక్షరాలు వచ్చాయి. సంతోషపడ్డాను. తరవాత పుస్తకం పెట్టాను, ఏమీ రాలేదు. స్టిక్కర్ పాడైందనుకుని ఇంకో పుస్తకం, ఆపైన ఇంకొకటి, అలా పదీ పదిహేను పుస్తకాలు పెట్టి చూశాను. దాదాపు గంట తరవాత తెల్ల కార్డుకు కూడా తెర మీద ఏమీ రావడం మానేసింది. ఇంకాసేపటికి బోర్డు ప్రాసెసర్ మీద వేలు ఆనించలేనంత వేడెక్కింది. తీగలన్నీ తీసేసి, మెమరీ కార్డు మార్చి, అడాప్టర్ మార్చి ఎన్నిసార్లు ప్రయత్నించినా కరెంటు అందుతోందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతోంది కానీ బోర్డు పనిచేస్తోందని చెప్పే పచ్చ దీపం ఒక్కసారి కూడా మినుకుమనలేదు. 2019లో కొన్న బోర్డు అది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా రీడర్‌నూ బోర్డునూ పట్టుకుని వెళ్లాను. గొడవ పెట్టుకోవాలని వెళ్లలేదు. బోర్డు డబ్బులు అడగాలన్న ఆలోచన కూడా లేదు. రీడర్ తీసుకుని ₹420 ఇచ్చేసినా, దాని బదులు ఆర్‌సీ 522 ఇచ్చినా చాలనుకున్నాను. దుకాణంలో అప్పటికి నలుగురైదుగురు ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నారు. జరిగింది నెమ్మదిగానే చెప్పాను. ఆయన రీడర్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పడేసి, “ఇది మా దగ్గర కొన్నదేనా? బిల్లు చూపించు” అన్నాడు.

శనివారం “మాస్టారూ, మీరు” అన్న మనిషి ఈరోజు “చూపించు” అన్నాడు. మీరు బిల్లు వద్దన్నారు కదండీ అన్నాను. “నేనెందుకంటాను? బిల్లు లేకుండా మా షాపులో గుండుసూది కూడా బయటికి పోదు” అన్నాడు. ఫోన్ తీసి శనివారం చెల్లించిన ₹420 లెక్క చూపించాను. “ఆ డబ్బులకి ఏం కొన్నావో నాకేం తెలుసు, వైర్లు కొని ఉంటావు” అన్నాడు. అప్పుడు శనివారం బీప్ మోగించి చూపించిన కుర్రాడి వైపు తిరిగి, “బాబూ, నీకు గుర్తుంది కదా, నువ్వే కదా చూపించావు” అని అడిగాను. ఆ అబ్బాయి తల ఎత్తలేదు. చేతిలో ఉన్న రెసిస్టర్లను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అతని జీతం ఆయన చేతిలో ఉంది కాబట్టి అతని మీద నాకు ఏ కోపమూ లేదు. యజమాని మాత్రం అందరికీ వినిపించేలా, “చదువుకున్నోడివి, మూడున్నర ఓల్టో అయిదు ఓల్టో నువ్వు చూసుకోవాలి. కాల్చుకునేది మీరు, వచ్చి ఏడ్చేది మా దగ్గర” అన్నాడు. పిల్లల్లో ఒకరు నవ్వారు.

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. నా మీద దయతో వద్దన్నట్టు కనిపించిన ఆ బిల్లునే అడ్డం పెట్టుకుని నన్ను అబద్ధాలకోరును చేశాడు. శనివారం బిల్లు వద్దన్నప్పుడే ఈ రోజు అనబోయే మాట ఆయన దగ్గర సిద్ధంగా ఉందని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. పద్దెనిమిది శాతమంటే ₹420 మీద ₹76 కూడా కాదు. ఆ కాస్త మిగుల్చుకోవాలని చూసింది నేనే, ఆ తప్పు నాదే. డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూడకుండా తీగ కలపడం అంతకన్నా పెద్ద తప్పు. కానీ తెలియక అడిగినవాడికి తెలిసీ తప్పు చెప్పడం వ్యాపారం కాదు, మోసం.

ఇక కొనేవారికి రెండు మాటలు. ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి చిప్‌లను చదివే సదుపాయం) ఉన్న ఫోన్ వెనక మీ కార్డునో స్టిక్కర్‌నో ఆనించండి. ఫోన్ స్పందిస్తే అది 13.56 మెగాహెర్ట్జ్‌దే, 125 కిలోహెర్ట్జ్ కార్డును ఫోన్ అసలు గుర్తించదు. దుకాణంలో వాళ్ల కార్డుతో కాక మీ కార్డుతోనే రీడర్‌ను పరీక్షించమనండి. రాస్ప్‌బెర్రీ పైకి చౌకలో సరిపోయేది ఆర్‌సీ 522. అది 3.3 వోల్టులదే కాబట్టి కరెంటు ఒకటో పిన్ నుంచి ఇవ్వాలి, పొరపాటున కూడా రెండో పిన్ నుంచి ఇవ్వకూడదు. పిన్నుల వరుస చాలాసార్లు విడిగా వస్తుంది, సోల్డరింగ్ మీరే చేసుకోవాలి. ఎస్‌పీఐని (బోర్డు, రీడర్ సమాచారం ఇచ్చిపుచ్చుకునే మార్గం) సెట్టింగుల్లో ఆన్ చేశాక రీడర్ చిప్ వెర్షన్ చదివితే హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) 91 గానీ 92 గానీ రావాలి; 00 వచ్చినా ఎఫ్‌ఎఫ్ వచ్చినా తీగల్లోనో సోల్డరింగ్‌లోనో లోపం ఉందని ముందు అనుమానించండి. ఎన్‌టాగ్ స్టిక్కర్ల గుర్తింపు సంఖ్య 7 బైట్లు ఉంటుంది, కొన్ని పాత పైథాన్ లైబ్రరీలు దానిలో మొదటి భాగమే చదివి ఊరుకుంటాయి, అదీ చూసుకోండి. ఇంకాస్త పెట్టగలిగితే పీఎన్ 532 రీడర్ మేలు. సోల్డరింగ్ వద్దనుకునేవారికి కీబోర్డులా అంకెలు టైపు చేసే యూఎస్‌బీ రీడర్లున్నాయి, కానీ వాటిలోనూ 125, 13.56 రెండు రకాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి.

బిల్లు మాత్రం వదలకండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇంటికి రాగానే 1915 నంబరుకు ఫోన్ చేసి, చెల్లింపు వివరాలతో ఫిర్యాదు నమోదు చేయించాను.

ఈఎం-18 రీడర్ మాత్రం చెడిపోలేదు, తెల్ల కార్డుతో సహా నా దగ్గరే ఉంది. ఆర్డుయినో యూనో వంటి 5 వోల్టుల బోర్డు మీద 125 కిలోహెర్ట్జ్ కార్డులతో పనిచేసేవారు ఎవరైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను. మీది రాస్ప్‌బెర్రీ పై అయితే ఆ రెండు రెసిస్టర్లు కూడా కలిపి ఇస్తాను, అవి పెట్టకుండా పదో పిన్ జోలికి పోకండి.