డీలిడ్ చేసిన 8700కె కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, కాబట్టి మాట కాస్త అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. అమ్మినాయన పేరు రాయను. డీలిడ్ చేసిన, అంటే తక్కువ వేడెక్కేలా పైమూత ఊడదీసి లోపల సరిచేసి మళ్లీ మూసిన ప్రాసెసర్ ఎక్కడ దొరుకుతుందని ఎవరు అడిగినా మనవాళ్లంతా చూపించేది ఎవరినో మీకు తెలుసు. ఆయనే.

కథ త్వరగా చెప్పేస్తాను. నాది పాత జెడ్370 మదర్‌బోర్డు, దాని మీద ఇంటెల్ 8400 ప్రాసెసర్. బోర్డు మార్చే ఓపిక లేదు, దానికి సరిపోయే గట్టి ప్రాసెసర్ ఒకటి వేసి ఇంకొన్నాళ్లు లాగిద్దామనుకున్నాను. ఇంకా పెద్దదైన 9900కె తీసుకోవాల్సింది కదా అని కామెంట్ పెట్టకండి, నా బోర్డు వీఆర్ఎంకి, అంటే ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగానికి, అంత సత్తా లేదు. అందుకే ఇంటెల్ 8700కె చూసుకున్నాను, దాని సంగతి మీకు తెలిసిందే. 2017 చివర్లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ఇప్పటికీ దాని పని అది చేసుకుపోతుంది. దానికున్న రోగం ఒక్కటే, వేడి. డైకీ, అంటే లోపలి అసలు చిప్పు ముక్కకీ, పైమూతకీ మధ్య ఇంటెల్ సోల్డర్ (కరిగించి అతికే లోహం) వెయ్యకుండా, వేడిని అంత బాగా లాగని పేస్ట్ పూసి వదిలేసింది. 2012లో ఐవీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లతో మొదలైన పిసినారితనం అది, 2018లో 9900కె వచ్చేదాకా 8700కె లాంటి మన మామూలు డెస్క్‌టాప్ ఐ7లకి అదే గతి. పేస్ట్ ఒక్కటే కాదు, మూతని అతికించే నల్ల సిలికాన్ కూడా మందంగా ఉండి మూతని డై మీద ఆననివ్వదు. అందుకే మూత తీసి, ఆ సిలికాన్ అంతా గీకేసి, లిక్విడ్ మెటల్ వేసి మళ్లీ మూస్తారు. సరిగ్గా చేస్తే ఫుల్ లోడ్‌లో 15 నుంచి 20 డిగ్రీలు తగ్గడం చాలామంది చూసిందే. ఈ పోస్టు డీలిడ్ మీద కాదు. డీలిడ్ మంచిదే. చేసినవాడి మీద.

లిస్టింగ్ చూస్తే ముచ్చటేసింది. అద్దంలా మెరిసే డై ఫోటో, చుట్టూ ఒక్క నల్ల చుక్క లేదు, పక్కనున్న చిన్న చిన్న పార్టుల మీద ఇన్సులేషన్ పూత కూడా చక్కగా కనిపిస్తోంది. లిక్విడ్ మెటల్ అంటే గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రమం. కరెంటు పారుతుంది, ఒక్క బొట్టు పక్కకి జారి ఆ పార్టుల మీద పడితే చిప్పు పోయినట్టే. ఆ పూత చూసి, ఈయనకి పని తెలుసనుకున్నాను. పని తెలిసిన మాట నిజమే. ఆ ఫోటోలో ఉన్న చిప్పుకి చేశాడు, నాకు పంపినదానికి చెయ్యలేదు.

వచ్చింది, బిగించాను, ఆన్ అయింది. బయోస్‌లో 8700కె అనే చూపించింది. అంతవరకు సంతోషం. లోడ్ పెట్టి, టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిస్తే నాలుగు కోర్లు 75 డిగ్రీల దగ్గర ఉన్నాయి, రెండు కోర్లు మాత్రం నేరుగా 100 తాకి థ్రాటిల్ అవుతున్నాయి, అంటే వేడికి తట్టుకోలేక స్పీడు తగ్గించుకుంటున్నాయి. ఆరు కోర్లూ వేడెక్కితే కూలర్ చాలడం లేదనుకోవచ్చు. రెండు మాత్రమే 25 డిగ్రీలు ఎక్కువంటే మూత ఒక పక్క ఆనడం లేదని అర్థం. అయినా తప్పు నా వైపు ఉందేమోనని కూలర్ విప్పి, తుడిచి, మళ్లీ పేస్ట్ వేసి, అడ్డంగా తిప్పి కూడా బిగించి చూశాను. మళ్లీ అవే రెండు కోర్లు.

ఇక మన మహానుభావుడికి మెసేజ్ పెట్టాను. డబ్బు పడేదాకా నిమిషంలో జవాబిచ్చిన మనిషి, ఇప్పుడు పూట గడిస్తే గానీ పలకలేదు. మొదట కూలర్ చిన్నదన్నాడు. ఫోటో పంపాను. అప్పుడు కేసులో గాలి ఆడటం లేదన్నాడు. కేసు పక్క తలుపు తీసి మళ్లీ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపాను. ఆ తర్వాత బయోస్‌లో వోల్టేజ్ ఎక్కువ పెట్టావన్నాడు. అంతా డీఫాల్ట్‌లోనే ఉందని చూపించాను. అప్పుడిక ఫోన్ చేశాడు. అంతవరకు మొత్తం చాట్‌లోనే నడిచింది, ఈ ఒక్క మాట చెప్పడానికి మాత్రం ఫోన్ ఎందుకు చేశాడో నాకు ఆ క్షణాన తట్టలేదు. నా తెలివికి దండ వెయ్యాలి.

ఫోన్‌లో ఎంత తియ్యగా మాట్లాడాడో. "అన్నా, ట్రాన్స్‌పోర్ట్‌లో మూత కొంచెం కదిలి ఉంటుంది. మీకేం భయం లేదు. ప్రాసెసర్ బయటికి తీసి, బల్ల మీద పెట్టి, మూతని బొటనవేలితో పక్కకి నెట్టండి, వచ్చేస్తుంది. లోపల ఒక ఫోటో తీసి నాకు పంపండి, చూసి కొత్తది పంపించేస్తా." వారంటీకి ఇబ్బంది ఉండదు కదా అని అడిగాను. "నేనే చెప్తున్నా కదన్నా" అన్నాడు.

నెట్టాను. నిజంగానే బొటనవేలికే వచ్చేసింది. కంపెనీ సిలికాన్‌తో అతికి ఉన్న మూత అలా రాదు, దానికి వైస్ అన్నా కావాలి, డీలిడ్ టూల్ అన్నా కావాలి. ఇది నాలుగు మూలలా నాలుగు సూపర్ గ్లూ చుక్కలతో నిలబడి ఉంది.

లోపల చూసింది చెప్తాను, శ్రద్ధగా చదవండి. లిక్విడ్ మెటల్ లేదు. ఒక్క చుక్క లేదు. అది వేసి తర్వాత తుడిచేసినా మూత లోపలి వైపు వెండిరంగు మరక మిగులుతుంది, ఆ మరక కూడా లేదు. ఉన్నది బూడిదరంగు మామూలు పేస్ట్, ఎండి బీటలు వారి, గోటితో గీకితే పొడిపొడిగా రాలుతోంది. పాత నల్ల సిలికాన్ మూడు పక్కల గీకాడు, నాలుగో పక్క వదిలేశాడు. ఒక పక్క గట్టు అలాగే ఉండటంతో మూత వాలుగా కూర్చుంది, ఆ పక్కనే డైకీ మూతకీ మధ్య పేస్ట్ మందంగా కట్టింది. రెండు కోర్లు ఎందుకు ఉడికిపోతున్నాయో అక్కడే తేలిపోయింది. చిన్న పార్టుల మీద ఇన్సులేషన్ లేదు. లేకపోవడమే న్యాయంలెండి, వెయ్యని లిక్విడ్ మెటల్‌కి ఇన్సులేషన్ ఎందుకు?

ఇంకొకటి ఉంది. డై ఒక మూల చిట్లి ఉంది. ఆవగింజంత కూడా ఉండదు, లైటు పక్క నుంచి వేస్తేనే కనిపిస్తుంది. మూత తీసేటప్పుడు అడ్డదిడ్డంగా లాగితే, లేదా బ్లేడు తగిలితే అలా అవుతుంది. ఆ చిట్లిన గుంటలోకి కూడా బూడిదరంగు పేస్ట్ దిగి ఎండిపోయి ఉంది. అంటే నా చేతికి రాకముందే, పేస్ట్ పూయకముందే చిట్లింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు దీనితోనే పని.

ఫోటోలు పంపాను. ఈసారి నిమిషంలో జవాబు వచ్చింది. యథాతథంగా రాస్తున్నాను:

"మూత తీశావ్ కదా. ఓపెన్ చేసినదానికి వారంటీ ఉండదు. డై కూడా విరగ్గొట్టావ్."

ఇంకోసారి చదవండి. ఓపెన్ చేసినదానికి వారంటీ ఉండదట! అమ్ముకునేదే ఓపెన్ చేసిన ప్రాసెసర్లు. లిస్టింగ్ మొదటి లైన్‌లోనే డీలిడ్ అని ఉంది. ఇంటెల్ వారంటీని తన చేతులతో పోగొట్టి, అదే గొప్పతనంగా అమ్మేవాడు, మూత తీశావని నాకు చెప్తున్నాడు. అదీ తనే తియ్యమన్న మూత. పొద్దున "అన్నా, మీరు" అన్న నోరే సాయంత్రానికి "నువ్వు, విరగ్గొట్టావ్" దాకా వచ్చేసింది.

ఫోన్‌లో మీరే తియ్యమన్నారు కదా అని రాశాను. "నేనెప్పుడు చెప్పాను? చూపించు" అని ఒక మెసేజ్, పక్కన నవ్వే బొమ్మ. డబ్బు పోయినందుకు ఎంత బాధ ఉందో తెలియదు గానీ, ఆ నవ్వే బొమ్మ చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. చిట్లిన మూలలో ఎండిన పేస్ట్ చూడండి, నేను విరగ్గొడితే లోపలికి పేస్ట్ ఎలా వచ్చిందని దగ్గర నుంచి తీసిన ఫోటో పెట్టాను. "అది నీడ" అన్నాడు. లిక్విడ్ మెటల్ ఎక్కడని అడిగాను. "ఆరిపోయి ఉంటుంది" అన్నాడు. గాలియం మిశ్రమం ఆరిపోయి బూడిదరంగు పేస్ట్ అవుతుందట. ఈ రసాయన శాస్త్రం ఆయన ఎక్కడ చదివాడో గానీ, నోబెల్ ఇవ్వాల్సిందే. ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు.

కొన్న ప్లాట్‌ఫామ్‌లో కంప్లైంట్ పెట్టాను. వస్తువులో కొన్నవాళ్లు మార్పులు చేసినట్టుంది కాబట్టి రిఫండ్ కుదరదని వాళ్ల జవాబు. వాళ్లకి డై అంటే ఏంటో, మూత అంటే ఏంటో చెప్పేసరికి నాకు ఓపిక అయిపోయింది. మళ్లీ అప్పీల్ చేశాను, ఏమవుతుందో చూడాలి. చిప్పుని మాత్రం తుడవలేదు, లిక్విడ్ మెటల్ వెయ్యలేదు. నేనే వేసుకుంటే బహుశా బాగానే నడుస్తుంది, కానీ తుడిచానంటే ఆ మూలలో ఉన్న పేస్ట్ పోతుంది, నా సాక్ష్యం పోతుంది. మళ్లీ పాత 8400 మీదే కూర్చున్నాను.

ఇదంతా అయ్యాక చూసుకున్న విషయం ఒకటి. మూత మీద మోడల్ పేరు, స్పీడు కింద ఒక బ్యాచ్ నంబర్ ఉంటుంది. లిస్టింగ్ ఫోటోలో మూత కూడా పక్కన పెట్టి ఉంది, జూమ్ చేస్తే దాని నంబర్ ఎల్‌తో మొదలవుతోంది. నాకొచ్చిన మూత మీద ఎక్స్‌తో మొదలవుతోంది. అది నా చిప్పు ఫోటోనే కాదు. పార్సిల్ విప్పిన రోజే ఈ రెండు అక్షరాలు పోల్చి ఉంటే అక్కడితో తేలిపోయేది.

కాబట్టి డీలిడ్ చేసింది కొనేవాళ్లు, మూత ముయ్యకముందు వీడియో అడగండి, అందులో డై, మూత మీద నంబర్, మీ పేరు రాసిన చీటీ, మూడూ ఒకే ఫ్రేమ్‌లో కనిపించాలి. ఇవ్వనన్నాడంటే వదిలెయ్యండి. వచ్చిన వెంటనే లోడ్ పెట్టి కోర్ కోర్‌కీ విడిగా టెంపరేచర్ చూడండి, కోర్ల మధ్య ఐదారు డిగ్రీల తేడా మామూలే, ఇరవై వస్తే మాత్రం తిప్పి పంపెయ్యండి. వాడు ఫోన్ చేస్తే ఎత్తకండి, చాట్‌లో రాయమనండి. ఎవరు చెప్పినా మూత మాత్రం ముట్టుకోకండి. సోల్డర్ వేసిన 9900కెనో, ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లలో ఏదో ఒకటినో డీలిడ్ చేసి అమ్ముతున్నాడంటే ఇంకా రెండింతలు అనుమానించండి, వాటి డై చెడకుండా మూత తియ్యడం ఈ 8700కె కన్నా చాలా కష్టం. పేస్ట్ ఉన్నదాన్నే ఇలా చేసినవాడు వాటిని ఏం చేస్తాడో ఊహించుకోండి.

ఆ లిస్టింగ్ ఇంకా అలాగే ఉంది, అదే ఎల్ నంబర్ ఫోటోతో. ఈయన దగ్గర 8700కె కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే మీ మూత మీద నంబర్, కోర్ల టెంపరేచర్ స్క్రీన్‌షాట్ నాకు పంపండి. ఒకే ఫోటో చూపించి ఎంతమందికి అమ్మాడో తేలితే అప్పీల్‌లో జత చేస్తాను.