రంగున్న పేపరు మేలా, నోరు నొక్కిన ఛానల్ మేలా?

మా నాన్న రిటైరైన హైస్కూలు టీచరు. తెనాలిలో మా ఇంటికి రోజూ పొద్దున రెండు పేపర్లు వస్తాయి, ఈనాడు ఒకటి, సాక్షి ఒకటి. పేపరబ్బాయి రెండింటినీ ఒకే రబ్బరు బ్యాండులో చుట్టి గేటు మీదనుంచి లోపలికి విసిరేసి వెళ్తాడు. నాన్న వాటిని మంచం మీద పక్కపక్కన పరిచి, రెండింటి మొదటి పేజీలూ చూశాకే చదవడం మొదలుపెడతారు. రాష్ట్ర బడ్జెట్ మర్నాడు మీరూ ఒకసారి అలా పరిచి చూడండి. ప్రభుత్వం తమకు కావాల్సినవాళ్లదైతే కేటాయింపులు పతాక శీర్షిక, కానివాళ్లదైతే అప్పులు పతాక శీర్షిక. చాలాసార్లు రెండింట్లోనూ అంకెలు సరైనవే. ఒకరు పైన పెట్టింది రెండోవాళ్లు ఎక్కడో లోపలి పేజీలో సింగిల్ కాలమ్ చేస్తారు, లేదంటే అసలు వేయరు.

ఈ మధ్య పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో, ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒక మాట వినపడుతోంది. పచ్చ మీడియా అని ఒకరు, నీలి మీడియా అని ఒకరు, హైదరాబాద్ వెళ్తే గులాబీ మీడియా అని ఇంకొకరు, "వీటిని మూసేస్తే పీడా పోతుంది" అంటున్నారు. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, చదువుకున్నవాళ్లే, నాకు కావాల్సినవాళ్లే. విసిగిపోయి అంటున్నారు. కానీ వాళ్లు మూసేయమంటున్నది ఎప్పుడూ అవతలివాళ్ల ఛానల్‌నే. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచాలనిపించింది, రంగు పూసుకున్న మీడియాతో మనకు నష్టం ఎక్కువా, మీడియా నోరు నొక్కేవాళ్లతో ఎక్కువా అని.

ముందు రంగు సంగతి. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు ఎన్టీఆర్ ప్రచారానికి ఎంత అండగా నిలబడిందో ఆ తరంవాళ్లకు తెలుసు. సాక్షి 2008లో జగన్ కుటుంబం పెట్టిన పేపరు. నమస్తే తెలంగాణ ఉద్యమం నడుస్తుండగా 2011లో వచ్చింది, కేసీఆర్ మనుషులదని దాచుకున్నదీ లేదు. ఇవన్నీ తెలిసిన సంగతులు కాబట్టే పాఠకుడు తన లెక్క తాను వేసుకోగలడు. ఉప్పు ఎక్కువేస్తారని తెలిసిన ఇంట్లో భోంచేసేటప్పుడు పెరుగు ఇంకాస్త కలుపుకున్నట్టు.

నన్ను ఎక్కువ భయపెట్టేది తెలియని రంగు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తల్లా వేశారని మన జర్నలిస్టు సంఘంవాళ్లే బయటపెట్టారు. పత్రికల మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది, అది 2010లో ఈ పెయిడ్ న్యూస్ మీద నివేదిక రాసింది. ఆ ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు, వాళ్లలో ఒకరు మన తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాసరెడ్డి. పేర్లతో సహా రాసిన ఆ పూర్తి నివేదికను అప్పట్లో బయటపెట్టకుండా కౌన్సిల్ కుదించేసింది. పేపరుకు పార్టీ ఉందని తెలిస్తే దిద్దుకుని చదవొచ్చు. ఫలానా వార్త వెనక ఎంత డబ్బు ఉందో తెలియకపోతే ఏం దిద్దుకుంటాం? పైగా ఊళ్లలో వార్తలు రాసే విలేకరులు చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, నాలుగు రూపాయలు వస్తాయి. పండగలకు, నాయకుల పుట్టినరోజులకు యాడ్స్ కూడా వాళ్లే తేవాలి. సర్పంచి దగ్గర యాడ్ తెచ్చినవాడు ఆ సర్పంచి వేయించిన సిమెంటు రోడ్డు గురించి ఏం రాస్తాడు? పార్టీ రంగు కంటే ఈ రంగు మొండిది.

అయినా రంగున్న పేపర్ల వల్ల ఒక మేలు జరుగుతోంది. ప్రతిపక్షంలో ఉన్న పార్టీ పేపరు ప్రభుత్వం తప్పుల్ని వెతికి వెతికి పట్టుకుంటుంది. రోడ్డు మీద గోతులు ఐదేళ్లు ఒక పేపర్లో కనపడతాయి, ప్రభుత్వం మారాక అవే గోతులు రెండో పేపర్లో కనపడతాయి. మా ఊరి ఆస్పత్రిలో డాక్టరు లేకపోయినా, పీఎస్‌లో ఎస్సై చేయి చేసుకున్నా ఏదో ఒక పేపరు తప్పకుండా రాస్తుంది, అది రాయడం ఆ పేపరుకు అవసరం కాబట్టి. వాళ్ల ఉద్దేశం ఏదైనా కానీ, వార్త మాత్రం బయటికొస్తోంది.

ఇక నోరు నొక్కడం సంగతి చూద్దాం. ఇది ఒక్క పార్టీ పని కాదు. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చిన రెండు వారాలకే అక్కడ కేబుల్‌లో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. తెలంగాణ ఎమ్మెల్యేలను వెక్కిరిస్తూ టీవీ9 వేసిన కార్యక్రమం నిజంగానే మోటుగా ఉంది, కోపం రావడంలో తప్పులేదు. కానీ నెలల తరబడి రాష్ట్రమంతా ఛానల్ కనపడకుండా పోవడం ఆ కోపానికి తగ్గ శిక్ష కాదు. 2019లో ఆంధ్రలో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 వంతు. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఈసారి సాక్షి, టీవీ9, ఎన్టీవీ, 10టీవీ. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, ఛానల్‌ను తిరిగి ఇవ్వమని కోర్టు కేబుల్ ఆపరేటర్లను ఆదేశించాల్సి వచ్చింది. ఏ ప్రభుత్వాన్ని అడిగినా మేం ఆర్డర్ ఇవ్వలేదు, అది కేబుల్‌వాళ్ల నిర్ణయం అనే జవాబే.

మా ఇంట్లో ఇది రెండుసార్లు జరిగింది. స్క్రీన్ నల్లగా, మధ్యలో ఇంగ్లిషులో ఒక లైను, పక్క నంబర్లు నొక్కితే సీరియళ్లు, భక్తి ఛానళ్లు అన్నీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. మా కేబుల్ అబ్బాయి నాన్న దగ్గర ఏడో తరగతి చదివినవాడే. ఇంటికొచ్చి నిలబడి, "పైనుంచే రావట్లేదు మాస్టారూ, నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. పైన అంటే ఎవర్రా అని నాన్న అడిగితే తల దించుకున్నాడు. రెండోసారి కూడా అదే అబ్బాయి, అదే మాట, ఆగిన ఛానళ్లే వేరు. పేపర్లో అబద్ధం వస్తే దాని సంపాదకుడెవరో, ప్రచురించిందెవరో ఆ పేపర్లోనే పేరుంటుంది, కేసు వేయొచ్చు. ఛానల్‌ను ఆపినవాడికి పేరు లేదు, సంతకం లేదు, కాగితం లేదు. నాకు ఈ తూకంలో అన్నిటికంటే బరువుగా తోచింది ఇదే.

కాగితం మీద చేసినవి కూడా ఉన్నాయి. 2007లో వైఎస్ ప్రభుత్వం జీవో 938 తెచ్చి, మీడియా మీద కేసులు పెట్టే పనిని అధికారులకు అప్పగించబోయి గొడవ కావడంతో వెనక్కి తగ్గింది. 2019 అక్టోబరులో జగన్ ప్రభుత్వం జీవో 2430తో అదే పనిని శాఖల కార్యదర్శులకు అప్పగించింది. 2021 మేలో ఎంపీ రఘురామకృష్ణరాజు మాటలు ప్రసారం చేసినందుకు ఏబీఎన్, టీవీ5 మీద రాజద్రోహం కేసు పెట్టారు, ఆ నెలాఖరులో సుప్రీంకోర్టు కఠిన చర్యలేవీ వద్దని ఆపింది. 2025 జూన్‌లో కూటమి ప్రభుత్వం ఉండగా సాక్షి టీవీ డిబేట్‌లో ఒక అతిథి అమరావతి మహిళల గురించి పరమ నీచంగా మాట్లాడాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. కానీ పోలీసులు డిబేట్ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావుని కూడా అరెస్టు చేశారు, నాలుగు రోజుల తర్వాత సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. ఈ రెండు కేసుల్నీ మీ పార్టీ, మా పార్టీ అని విడదీయకుండా చూడండి. రెండు చోట్లా ఇంకొకరు అన్న మాటకు ఛానల్‌ను, యాంకర్‌ను పట్టుకున్నారు, రెండు చోట్లా ఢిల్లీ దాకా పోతే గానీ ఊపిరాడలేదు. ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత లేని మండల విలేకరి పరిస్థితేంటి?

యూట్యూబ్ ఉందిగా, ఈ పేపర్లూ ఛానళ్లూ ఎందుకు అంటారు మా తమ్ముడూ వాళ్ల ఫ్రెండ్సూ. దీనిమీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మంచివాళ్లు ఉన్నారు, ఒక్కడే కెమెరా పట్టుకుని పొలాల్లో తిరిగి రైతుల మాటలు చూపించేవాళ్లు ఉన్నారు. కానీ తప్పు చెబితే సవరణ వేసే అలవాటు అక్కడ ఇంకా రాలేదు, నోరు నొక్కడం మాత్రం అక్కడ ఇంకా తేలిక. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని తిడుతూ మాట్లాడిన ఒకాయన వీడియో వేసినందుకు హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టుల్ని తెల్లవారకముందే అరెస్టు చేశారు. అదే సంవత్సరం 4పీఎం అనే హిందీ యూట్యూబ్ ఛానల్‌ను కేంద్రం ఆపించింది, కారణం కూడా చెప్పలేదంటూ వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాక ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఐటీ చట్టం 69ఎ కింద ఇచ్చే ఇలాంటి ఉత్తర్వుల్ని రహస్యంగా ఉంచాలని రూల్స్‌లోనే ఉంది.

మరి అబద్ధం రాసినవాడిని వదిలేయాలా అంటే, వద్దు. ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ మందలించగలదే కానీ జరిమానా వేయలేదు, 1978 నాటి చట్టం దానికి ఇచ్చింది అంతే. టీవీల మీద వచ్చే ఫిర్యాదులకు ఛానళ్లు తామే పెట్టుకున్న సంస్థ ఉంది, అందులో చేరని ఛానళ్లకు అది పట్టదు. పరువునష్టం కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. ఇవన్నీ నత్తనడకే, ఒప్పుకుంటాను. అయినా వాటిల్లో ఆరోపణ కాగితం మీద ఉంటుంది, అవతలివాడికి జవాబు చెప్పుకునే అవకాశం ఉంటుంది, తీర్పు అందరికీ తెలుస్తుంది. కేబుల్ వైరు పీకడంలో ఈ మూడూ లేవు.

అందుకని ఏది మేలని అడిగితే, నా ఓటు రంగున్న పేపరుకే, అయితే ఒక్కటి కాదు, రెండు. ఒక్కటే చదివితే నష్టం ఎక్కువని నేనూ అంటాను, అది మా బాబాయిని చూశాక అంటున్న మాట. ఆయన పదిహేనేళ్లుగా ఒకే ఛానల్ చూస్తారు, అవతలి పార్టీవాళ్లు ఒక్క మంచి పని చేశారంటే నమ్మలేరు. రెండు పేపర్లు కొనలేనివాళ్లు లైబ్రరీలోనో టీ కొట్టు దగ్గరో రెండోది తిరగేయండి. ఇద్దరూ ఒప్పుకున్నది నిజమే అయి ఉంటుందని నాన్న లెక్క. ఒక్కరే రాసినదాన్ని ఆయన పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి వారం ఆగుతారు, రెండో పేపరు ఖండన వేస్తుందేమో చూస్తారు, ఖండన కూడా రాకపోతే అందులో ఏదో ఉందన్నట్టే. నోరు నొక్కినప్పుడు పోయేది ఇదే, ఆ రెండో పేపరు. అప్పుడు మొదటి పేపర్ని సరిచూసుకోవడానికి మన దగ్గర ఏమీ మిగలదు, మనకు నచ్చిన పేపరైనా సరే.

2024లో ఛానళ్లు ఆగినప్పుడు నాన్న కేబుల్ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు. ఆపరేటర్ ఫిర్యాదు రాసుకుని నంబరు ఇవ్వాలని, కేబుల్‌వాళ్లకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ ట్రాయ్ రూల్ ఉంది, ఆ నంబరు అడిగి తీసుకుని వంటింట్లో క్యాలెండర్ మీద రాశారు. ఆయన ఏ ఛానల్ కోసం ఫోన్ చేశారో తెలిసి అమ్మ ఆశ్చర్యపోయింది, ఆ ఛానల్‌ను ఆయన మా ఇంట్లో ఐదు నిమిషాలు కూడా చూసింది లేదు. "నేను చూడను, కానీ ఎదురింటివాళ్లు చూస్తారు కదా" అన్నారు. మళ్లీ వారానికి అదే నంబరు చెప్పి ఇంకోసారి ఫోన్ చేశారు.