మంగలి కత్తికి తుప్పు పట్టకుండా: కొబ్బరి నూనెనా, కుట్టు మిషన్ నూనెనా?

కార్బన్ స్టీల్ మంగలి కత్తి కొత్తగా కొన్నవాళ్లూ, తాతగారి పెట్టెలో దొరికినదాన్ని సాన పట్టించుకున్నవాళ్లూ నన్ను అడిగేది ఒకటే: ఇంట్లో కొబ్బరి నూనె ఉంది కదా, అది రాస్తే చాలదా?

నా మొగ్గు కుట్టు మిషన్ నూనె వైపు. అలాగని కొబ్బరి నూనెను తీసిపారేయలేం. వంటింటి నూనెల్లో ఈ పనికి కాస్తయినా పనికొచ్చేది అదే. నువ్వుల నూనె, సన్‌ఫ్లవర్ నూనె లాంటివి గాలి తగిలి కొన్నాళ్లకు బంకలా తయారవుతాయి. కొబ్బరి నూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే కాబట్టి అంత తొందరగా చెడదు. దానితో వచ్చే చిక్కు వేరు. 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో హైదరాబాద్‌లో సీసాలో గడ్డకట్టినట్టే, బ్లేడును పిడికి బిగించే మేకు, అంటే రివెట్, సందులోనూ గడ్డకడుతుంది.

ఏది మేలో తేల్చేది ఆ సందే అని నా నమ్మకం. బ్లేడు కంటికి కనిపిస్తుంది, గుడ్డకు అందుతుంది. దాని మీద ఏ నూనె రాసినా ఎంతో కొంత పని జరుగుతుంది. పిడి చెక్కల మధ్య, బ్లేడు తిరిగే చోట సబ్బు నీళ్లు చేరితే మాత్రం తుడవడానికి వేలు పట్టదు, గాలీ సరిగా ఆడదు. అక్కడ పట్టిన తుప్పు బాగా ముదిరితే గానీ బయటపడదు. శుభ్రం చేయాలంటే రివెట్ ఊడదీయాలి, ఆ పనిలో పాత కొమ్ము పిడి పగలొచ్చు. అందుకే సందులోకి తనంతట తాను పాకి, ఎంతకాలమైనా జిగురు కట్టని నూనె కావాలి. కుట్టు మిషన్ నూనె పెట్రోలియం నుంచి తీసిన పలచటి మినరల్ ఆయిల్. ఆ రెండు గుణాలూ దానికున్నాయి. రివెట్‌కు రెండు పక్కలా ఒక్కో చుక్క వేసి, కత్తిని కొన్నిసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చిన నూనె తుడిచేయండి. మిషన్ నూనె ముఖానికి తగులుతుందని టెన్షన్ ఉంటే మందుల షాపులో లిక్విడ్ పారఫిన్ అడగండి. అదీ ఇదే జాతి, కొంచెం చిక్కన.

వ్యాజలీన్ నెలల తరబడి వాడని కత్తికి మంచిది, రోజూ వాడేదానికి తుడుచుకోవడమే పెద్ద పని. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే నీటిని తరిమేస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయి పలచటి పొర మాత్రమే మిగులుతుంది. జపాన్‌వాళ్లు వాడే కమేలియా నూనె బాగుంటుంది, ఖరీదు ఎక్కువ.

ఏ నూనైనా పొడి ఇనుము మీదే రాయాలి. తడి మీద రాస్తే నీరు కిందే ఉండిపోతుంది. గడ్డం గీసుకున్నాక రివెట్ వైపు నీళ్లు పోకుండా బ్లేడు కడిగి, టిష్యూ మడతపెట్టి పిడి చెక్కల మధ్యనుంచి లాగండి. తర్వాత తోలు పట్టీ మీద నాలుగు సార్లు నూరండి. గుడ్డతో తుడవడానికి జంకే వాదర మీద చెమ్మ కూడా అప్పుడు పోతుంది. నూనె ఆ తర్వాతే. హైదరాబాద్ ఎండాకాలంలో రోజూ గీసుకునేవాళ్లు బ్లేడుకు నూనె మానేసినా నడుస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే మానొద్దు. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం బాగా పెరుగుతుంది, సముద్రపు ఉప్పు అంతకంటే తక్కువ తేమలోనూ నీటిని లాక్కుంటుంది. పటిక రుద్దుకున్న చేతులతో కత్తి పట్టుకోవద్దు, పటిక నీళ్లకు ఆమ్ల గుణం ఉంది.

తేమ పీల్చే సిలికా జెల్ గింజలు వేసిన గట్టి మూత డబ్బా నూనెకు బదులు కాదు, నూనెకు తోడు. నాలుగైదు కత్తులున్నవాళ్లకు తప్పకుండా చెబుతాను. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండినట్టు, వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. డబ్బాను బాత్రూంలో పెట్టొద్దు. తోలు సంచిలో కత్తి దాచొద్దు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది.

సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడి ఉన్న కత్తుల సంగతి వేరు. ఆ పిడి పాడవడం మొదలైతే దాన్నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, బ్లేడుకు ఏ నూనె రాసినా అది ఆగదు. అలాంటిదాన్ని మిగతా కత్తుల డబ్బాలోంచి వెంటనే తీసేసి, పిడి మార్పించండి.