బోన్ నుంచి క్లూనీ దాకా సైకిల్ మీద: బర్గండీ ద్రాక్షతోటల దారిపై సమీక్ష

ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో, బోన్ పట్టణం నుంచి క్లూనీ దాకా, జూన్ మొదటి వారంలో నేనూ మావారూ నాలుగు రోజులు సైకిళ్ల మీద ప్రయాణించాము. మేము తీసుకున్న ఏర్పాటులో వెంట మనిషి ఎవరూ రారు. సైకిళ్లు అద్దెకిస్తారు, దారి పటం చేతికిస్తారు, పెట్టెలను రోజూ సాయంత్రంలోగా తర్వాతి ఊళ్లో మన బసకు చేరవేస్తారు. దారి విషయంలో నాకు పెద్ద ఫిర్యాదులేవీ లేవు. సైకిళ్లు ఇచ్చినవారి విషయంలో ఒకటి ఉంది, దానినీ దాచకుండా రాస్తున్నాను.

మేమిద్దరం యాభై దాటినవాళ్లం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ దారిలో, సౌర ఫలకాల కప్పు నీడన, సెలవు రోజుల్లో తొక్కడం మాకు అలవాటు. ఆ దారి పొడవు 23 కిలోమీటర్లు. బోన్ నుంచి సాంత్నే గ్రామం దాకా సాగే ‘వ్వా దే వీన్య్’, అంటే ద్రాక్షతోటల దారి, పొడవు కూడా ఇంచుమించు అంతే, 22 కిలోమీటర్లు. అయితే ఇంటి దగ్గర రెండు గంటల్లో ముగించే దూరానికి ఇక్కడ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పట్టింది. ఎత్తుపల్లాలు కొంత కారణమే గానీ, పది నిమిషాలు తొక్కేసరికి ఆగి చూడవలసినది ఏదో ఒకటి ఎదురుకావడం అసలు కారణం. కిలోమీటర్లను బట్టి ఇక్కడ రోజుల లెక్క వేసుకుంటే తప్పక నష్టపోతారు.

పారిస్ నుంచి దిజోన్‌కు వేగవంతమైన రైలులో గంటన్నర పైచిలుకు, అక్కడి నుంచి బోన్‌కు ప్రాంతీయ రైలులో సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి రోజు సైకిళ్లు తీసుకుని బోన్‌లోనే ఉండిపోయాము. ఊరి మధ్యనున్న ఒతెల్ దియో అనే పాత ఆసుపత్రిని చూడకుండా తోటల్లోకి వెళ్లకూడదని నా అభిప్రాయం. బర్గండీని ఏలిన డ్యూక్ దగ్గర చాన్సలర్‌గా, అంటే ముఖ్యమైన మంత్రిగా, ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సాలాన్ కలిసి నూరేళ్ల యుద్ధం చివరి రోజుల్లో, 1443లో, పేద రోగుల కోసం దీనిని స్థాపించారు. రంగురంగుల మెరుపు పెంకులతో ముగ్గు వేసినట్టుండే దాని పైకప్పు కింద 1971 దాకా రోగులకు వైద్యం జరిగింది. శతాబ్దాలుగా దాతలు ఈ ఆసుపత్రికి రాసిచ్చిన ద్రాక్షతోటల్లో తయారైన వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు, ఇప్పటికీ నవంబరు మూడవ ఆదివారం ఆ వేలం జరుగుతుంది. మన దగ్గర దేవాలయాలకు మాన్యాలు రాసిచ్చినట్టు ఇక్కడ ఆసుపత్రికి తోటలు రాసిచ్చారు. మర్నాడు ఆ తోటల పక్కనుంచే వెళుతున్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉండడం వల్ల చూపు మారుతుంది.

ద్రాక్షతోటల దారి పూర్తిగా సైకిళ్ల కోసమే వేసినది కాదు. ట్రాక్టర్లు తిరగడానికి చేల మధ్య వేసుకున్న కాంక్రీటు, తారు బాటలను ఒకదానితో ఒకటి కలిపి, మలుపుల దగ్గర గుర్తుల పలకలు నిలబెట్టి, సైకిళ్లకు కూడా చోటిచ్చారు. కార్లు చాలా అరుదు. రోజంతటిలో మేము దారి విడిచినది ఎక్కువగా ట్రాక్టర్లకే. ఆ ట్రాక్టరును దగ్గరగా చూడవలసిందే: రెండు చక్రాలు సాలుకు ఇటు, రెండు అటు నడుస్తుంటే, మధ్యలో తీగలు దాని కడుపు కిందుగా దాటిపోతాయి, దూరం నుంచి చూస్తే పొలంలోని మంచె ఒకటి లేచి నడిచి వస్తున్నట్టుంటుంది. హెక్టారుకు పదివేల దాకా మొక్కలు నాటే ఈ నేలలో సాళ్ల మధ్య మామూలు ట్రాక్టరుకు చోటు చాలదు.

హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్లకు పాకించిన అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్షతోటలు చూస్తూ పెరిగిన నాకు ఈ తీగలు మొదట నిరాశ కలిగించాయి. మన దగ్గర పందిరి కింద నిలబడి తలెత్తి గుత్తిని చూస్తాము. ఇక్కడ తీగ నడుము ఎత్తుకు కాస్త పైన ఆగిపోతుంది, గుత్తిని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. పొమ్మార్ దాటాక ఒక గోడ పక్కన సైకిలు ఆనించి అలాగే కూర్చున్నాను. పూత మొదలైన వారం అది. పూరేకులంటూ కనిపించవు, ఆవగింజంత ఆకుపచ్చ టోపీని తోసేసుకుని సన్నని కేసరాలు నాలుగైదు బయటికి వస్తాయి, దగ్గరగా వంగితే తప్ప తెలియని తీపి వాసన ఉంటుంది. పక్క సాలులో ఇద్దరు స్త్రీలు పైకి లేచిన రెమ్మలను రెండు ఇనుప తీగల మధ్యకు దోపుతూ, చిన్న క్లిప్పులు బిగిస్తూ, మాట్లాడుకుంటూ వెళుతున్నారు. పూత నుంచి కోతకు సుమారు వంద రోజులని ఇక్కడి రైతుల పాత లెక్క. కారులో వెళ్లేవారికి ఈ వాసనా అందదు, ఆ మాటలూ వినిపించవు.

సైకిలు మీద తెలిసే మరో విషయం వాలు. ఈ కొండచరియ తూర్పు ముఖంగా ఉంటుంది కనుక పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది; చరియ నడుమ సున్నపురాయి, బంకమట్టి కలిసి నీరు నిలవనివ్వవు. అందువల్ల అన్నింటికన్నా పేరున్న తోటలు చరియ నడిమి భాగంలో ఉంటాయి, దిగువన చదును నేలకు వచ్చేకొద్దీ హోదా తగ్గిపోతుంది. పుస్తకంలో చదివితే ఇది మామూలు సమాచారం. పెడల్ బరువెక్కినప్పుడల్లా పక్కనున్న గోడ మీద పేరు గొప్పదవుతూ, సైకిలు తనంతట తాను జారినప్పుడల్లా మామూలు పేర్లు కనిపిస్తుంటే మాత్రం నేల చదవడం కాళ్లతో నేర్చుకున్నట్టయింది. ప్యులీనీ, షసాన్య్ గ్రామాల సరిహద్దులోని మొంరాషే తోట విస్తీర్ణం దాదాపు ఎనిమిది హెక్టార్లే, అంటే సుమారు ఇరవై ఎకరాలు. దాని పేరు ఎంత విలువైనదంటే రెండు గ్రామాలూ దానిని తమ పేర్ల చివర తగిలించుకున్నాయి. ఆ తోటకూ పక్క తోటకూ మధ్యనున్నది మన పొలం గట్టును మించని సన్నని బాట. ఇలా గోడలతో, బాటలతో వేరుచేసి పేరు పెట్టిన ఒక్కొక్క కమతాన్ని ఇక్కడ ‘క్లిమా’ అంటారు. మధ్యయుగాల్లో సన్యాసులు మొదలుపెట్టిన ఈ విభజనను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక ఫిర్యాదు. వొల్నే గ్రామం ఎత్తున ఉంటుంది, అక్కడి నుంచి మ్యూర్సోకు దిగుడు. ఫ్రాన్సులో సైకిళ్లకు ఎడమచేతి బ్రేకు ముందు చక్రానికి, కుడిచేతి బ్రేకు వెనక చక్రానికి ఉంటుంది, అంటే మన అలవాటుకు తలకిందులు. ఆ విషయం అద్దెకిచ్చినవారు చెప్పలేదు. అంతకన్నా పెద్ద తప్పు, నా సైకిలు వెనక బ్రేకు రబ్బర్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. దిగుడులో కుడిచేయి నొక్కితే ఇనుము రాసుకున్న చప్పుడే తప్ప వేగం తగ్గలేదు. ఎడమచేతి బ్రేకును కొద్దికొద్దిగా పట్టుకుంటూ, ఒక కాలు నేలకు రాస్తూ ఎలాగో ఆగాను. ఫోను చేస్తే గంటన్నరకు మనిషి వచ్చి రబ్బర్లు మార్చి, క్షమాపణ చెప్పి వెళ్లాడు. ఆయన మర్యాదకు వంక పెట్టను. కానీ రోజుకు ఇరవై యూరోలకు పైగా తీసుకుని ఇచ్చే సైకిలు బ్రేకులు చూడకుండా ఇవ్వడం క్షమించరానిది. మీరు ఎవరి దగ్గర తీసుకున్నా, దుకాణం ముందే రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి, చక్రం తిప్పి చూసుకున్నాకే బయలుదేరండి. పెట్టెలు మాత్రం నాలుగు రోజులూ మాకన్నా ముందే బసకు చేరాయి.

సాంత్నే తర్వాత, మూడవ రోజు, దారి స్వభావం పూర్తిగా మారుతుంది. 18వ శతాబ్దం చివర ఎమిలాన్ గొతే అనే ఇంజినీరు ప్రణాళికతో సోన్, లువార్ నదులను కలుపుతూ తవ్విన కెనాల్ ద్యు సాంత్ర్ గట్టు వెంట షలోన్ దాకా దారి దాదాపు చదునుగా, చెట్ల నీడన సాగిపోతుంది. పడవలను దించే లాకులు, వాటి పక్కన లాకు కాపలాదారుల చిన్న ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రశాంతమే గానీ, తోటల దారి తర్వాత ఇది నాకు కొంత ఒకే రీతిగా అనిపించింది. షాన్యీ ఊరి లోపల గుర్తులు తప్పి రెండుసార్లు వెనక్కి తిరిగాము.

నాలుగవ రోజు షలోన్‌కు దగ్గరలోని జివ్రీ నుంచి క్లూనీకి 44 కిలోమీటర్లు. పాత రైలు పట్టాలు తీసేసి 1997లో తెరిచిన ఈ దారి ఫ్రాన్సులో ఈ తరహా హరిత మార్గాల్లో మొదటిది. రైలు ఎక్కగలిగిన వాలే కాబట్టి మోకాళ్లకు శ్రమ లేదు, మోటారు వాహనాలు లేవు. బ్యుసీ దాకా ద్రాక్షతోటలు, ఆ తర్వాత తెల్లని షరొలె ఆవులు మేసే పచ్చిక బయళ్లు, కొర్మతాన్ దగ్గర కందకం చుట్టిన కోట. పిల్లలతో వచ్చేవారు తోటల దారి మానుకుని ఈ ఒక్క భాగాన్నే ఎంచుకున్నా మంచిదే.

శాకాహారులకు తిండి కష్టమే, ముందే తెలుసుకుని రావాలి. ఊళ్లలో వంటశాలలు పన్నెండు నుంచి రెండు వరకే భోజనం పెడతాయి, ఆ వేళలోనే చిన్న దుకాణాలు మూసేస్తారు. బోన్‌లో శనివారం ఉదయం జరిగే సంతలో రొట్టె, టమాటాలు, చెర్రీలు కొని సంచిలో పెట్టుకోవడం మాకు కలిసివచ్చింది. తోటల మధ్య తాగునీరు దొరకదు; గ్రామ శ్మశానాల్లో పూలమొక్కల కోసం పెట్టిన కుళాయి దగ్గర సీసాలు నింపుకోవడం ఇక్కడి సైకిలు యాత్రికుల అలవాటు, ‘తాగరాదు’ అన్న పలక లేదని చూసుకుంటే చాలు. వైన్ రుచి చూడదలచినవారు దానిని నిలవ ఉంచే నేలమాళిగలకు వెళ్లడానికి ముందుగా సమయం అడిగి పెట్టుకోవాలి, మద్యం పరిమితి చట్టం సైకిలు తొక్కేవారికి కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. నేను రుచి చూడలేదు, ఆ కారణంగా ఏదో పోగొట్టుకున్నట్టు నాలుగు రోజుల్లో ఒక్కసారీ అనిపించలేదు. వాన కురిసిన మర్నాడు ట్రాక్టర్లు చిమ్మిన మట్టితో కాంక్రీటు బాట జారుడుగా ఉంటుంది కనుక మలుపుల్లో నెమ్మదిగా వెళ్లాలి.

క్లూనీలో ఇప్పుడు రైలు లేదు. పాత స్టేషను దగ్గరే మా సైకిళ్లు వెనక్కి తీసుకున్నారు, మేము బస్సులో మాకోన్‌కు వెళ్లి రైలు అందుకున్నాము. బస్సుకు రెండు గంటల వ్యవధి ఉండడంతో మఠానికి నడిచి వెళ్లాము. 910లో స్థాపించిన ఈ మఠంలో 1088లో మొదలైన మూడవ చర్చి, రోమ్‌లో సెయింట్ పీటర్స్ తిరిగి కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో అతి పెద్దది. ఫ్రెంచి విప్లవం తర్వాత దానిని రాళ్ల కోసం అమ్మేశారు, పదవ వంతు కూడా మిగలలేదు. మిగిలిన గోపురం కింద, ఒకప్పుడు నడవా ఉన్న చోట గడ్డి మీద కూర్చుని, శనివారం కొన్న రొట్టెలో చివరి ముక్కను ఇద్దరం పంచుకుని తిన్నాము.