సంక్షోభంలో పొదుపా, నోట్ల ముద్రణా: ఏది మేలు?

దేశం దివాలా అంచున ఉన్నప్పుడు ప్రభుత్వం సబ్సిడీలు తగ్గించి పన్నులు పెంచితే పేదల కడుపు కొట్టినట్టు కాదా అని శ్రీలంక సంక్షోభం నాటి నుంచి నన్ను చాలామంది అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే పొదుపు వద్దనుకున్న ప్రభుత్వానికి మిగిలే దారి ఏమిటో కూడా చూడాలి.

ఆ దారి నోట్ల ముద్రణ. శ్రీలంక మొదట దానినే పట్టింది. 2019 చివరలో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. అంతలోనే కోవిడ్ వచ్చి పర్యాటక ఆదాయం పడిపోయింది. పెరిగిన లోటును కేంద్ర బ్యాంకు నోట్లు ముద్రించి పూడ్చింది. రూపాయలు అచ్చు వేసుకోవచ్చు గాని, డీజిల్‌కూ మందులకూ కావలసిన డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయి? 2022 మార్చిలో కాగితం దిగుమతికి విదేశీ మారకం లేక పశ్చిమ రాష్ట్రంలో పాఠశాల పరీక్షలు వాయిదా పడ్డాయి. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆగిపోయింది. సెప్టెంబరు నాటికి కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది; ఆహార పదార్థాల విషయంలో 90 శాతం దాటింది.

తేల్చవలసిన అసలు విషయం నా దృష్టిలో ఇదే. ధరలు ఏడాదిలో 70 శాతం పెరిగితే, కూలి పెరగని మనిషి వంద రూపాయలకు నిరుటి లెక్కన 59 రూపాయల సరుకే వస్తుంది. మిగతా 41 రూపాయలూ కోతే. ఆ కోతను ఏ చట్టసభా చర్చించలేదు, ఏ మంత్రీ దానికి సంతకం పెట్టలేదు, పేదలకని మినహాయింపు ఇచ్చే వీలూ దానిలో లేదు.

ప్రకటించి చేసే కోతలో ఆ వీలుంటుంది. 1991లో మన దేశం బంగారాన్ని విదేశాలకు తరలించి తాకట్టు పెట్టవలసి వచ్చిన రోజుల్లో, పి.వి. నరసింహారావు ప్రభుత్వ ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ జూలై 24 నాటి బడ్జెట్‌లో ఎరువుల ధరలను సగటున 40 శాతం పెంచారు. పార్లమెంటులో సొంత పక్షం నుంచి కూడా వ్యతిరేకత రావడంతో ఆగస్టులో పెంపును 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులను దాని నుంచి మినహాయించారు. ధర పెంచినవారు ఎవరో తెలుసు కాబట్టే వారిని నిలదీయగలిగారు. నేను పొదుపు వైపు మొగ్గడానికి ప్రధాన కారణం ఇదే.

అప్పులు ఎగవేయడం మూడో మార్గం. దానివల్ల బయటికి వెళ్ళే డాలర్లు ఆగుతాయి గాని కొత్తవి రావు; శ్రీలంక ఎగవేత తర్వాత కూడా అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) షరతులకు ఒప్పుకోక తప్పలేదు.

పొదుపు ప్రతిచోటా ఫలిస్తుందని నేను అనను. సొంత కరెన్సీ లేని గ్రీస్‌లో సంక్షోభానికి కోతలు తోడై ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంగిపోయింది. శ్రీలంకలోనూ ఆలస్యంగా మొదలైన పొదుపు కఠినంగా తగిలింది: విద్యుత్ చార్జీలను 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెంచారు. 2023 జూలైకి ద్రవ్యోల్బణం ఒక అంకెకు దిగిన మాట నిజమే, కానీ పేదలకు నేరుగా నగదు అందించే 'అశ్వెసుమ' పథకం 2023 ద్వితీయార్ధంలో గాని మొదలు కాలేదు. మొదటి కరెంటు బిల్లు పెరిగిన నెలలోనే ఆ డబ్బు వారి ఖాతాల్లో పడి ఉండవలసింది.