సీటుకి ఊరి పేరా, మనిషి పేరా? నార్వుడ్ కాస్తా డన్‌స్టన్ అయిన కథ

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్న మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి "అన్నా, మా ఎమ్మెల్యే సీటు పేరు డన్‌స్టన్ అంట, మ్యాప్‌లో ఎంత వెతికినా ఆ ఊరు దొరకట్లేదు" అన్నాడు. ఎలా దొరుకుద్ది, అది ఊరు కాదు మనిషి. 2014 ఎన్నికలప్పుడు మార్చారు, అంతకుముందు అది నార్వుడ్, అంటే అడిలైడ్‌లోనే ఒక పేట పేరు.

నార్వుడ్ సీటు పుట్టింది 1938లో. అడిలైడ్ రాజధానిగా ఉన్న సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్ర అసెంబ్లీకి అప్పుడు 39 సీట్లు, అందులో 26 పల్లెలకి, సిటీకి 13 అంతే, జనమేమో సగానికి పైగా సిటీలోనే. ఈ లెక్క దయవల్ల లిబరల్ పక్షం ప్లేఫోర్డ్ గారు 1965 దాకా ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి లాగా, కూర్చున్నాడు. 1953లో నార్వుడ్ నుంచి గెలిచిన లేబర్ పార్టీ కుర్రాడు డాన్ డన్‌స్టన్ దాని మీదే పోరాడాడు, పాపం 1968లో ఆయన పార్టీకి సగం పైగా ఓట్లు పడ్డా సీట్లు 19-19 అయ్యి, ఒక్క ఇండిపెండెంట్ లిబరల్ల వైపు మొగ్గితే ప్రీమియర్ కుర్చీ పోయింది. 1970లో మళ్ళీ వచ్చి 1979 దాకా ఏలాడు. అసెంబ్లీకి పింక్ నిక్కరేసుకుని వెళ్ళిన ప్రీమియర్ ఈయనే 😀

మరి సీటుకి ఆయన పేరు పెట్టడం తప్పా అంటే, మనిషి పేరుకీ ఒక లాభం ఉంది. అక్కడ ప్రతి ఎన్నిక తర్వాత హద్దులు మళ్ళీ చూస్తారు, ఊరి పేరున్న సీటులోంచి రేపు ఆ ఊరే జారిపోవచ్చు, మనిషి పేరుకి ఆ బాధ లేదు. పైగా సీట్ల అన్యాయం మీద కొట్లాడినాయన పేరు సీటుకే పెట్టడం ముచ్చటగానే ఉంది.

కానీ తమాషా చూడండి. పేరు మారేటప్పటికే ఆ సీటు లిబరల్ నేత స్టీవెన్ మార్షల్ చేతిలో ఉంది, ఆయన 2018లో ప్రీమియర్ కూడా అయ్యాడు, అంటే లేబర్ హీరో పేరున్న సీటు నుంచి లిబరల్ ప్రీమియర్! అటు ప్లేఫోర్డ్ పేరున్న సీటేమో లేబర్ కంచుకోట. 2024 ఉప ఎన్నికలో డన్‌స్టన్ మళ్ళీ లేబర్‌కి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

నా ఓటు మాత్రం నార్వుడ్‌కే. 1979లో అక్కడ లిబరల్ అభ్యర్థి గెలిస్తే, ఇటాలియన్ పేపర్లో వేసిన యాడ్ గొడవతో కోర్టు ఆ ఎన్నిక కొట్టేసి 1980లో మళ్ళీ పెట్టించింది. ఆ పేటలో ఇటలీ వాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళో దీన్నిబట్టే తెలుస్తుంది. నార్వుడ్ అనగానే ఆ వీధులు, ఆ జనం గుర్తొస్తారు, డన్‌స్టన్ అంటే ఒక్క మనిషే కదా. ఆయనకి గౌరవం కావాలంటే అడిలైడ్ ఫెస్టివల్ సెంటర్‌లో డన్‌స్టన్ ప్లేహౌస్ అనే నాటకాల హాలు ఉండనే ఉంది, కళలంటే ప్రాణం పెట్టినాయనకి సరైన చోటు, పైగా దానికి ఎలక్షన్లు ఉండవు.