గుర్రాల రేఖాచిత్రాల కోసం ఇంగ్లండులో: లండన్ నుంచి డెడమ్ దాకా

గుర్రాల చిత్రాలను సేకరించేవారు వాటిని పుస్తకాల్లో ఎంత చూసినా, అసలు కాగితాన్ని దగ్గరగా చూడనిదే కొనడానికి కావలసిన చూపు అలవడదని నా గట్టి నమ్మకం. ఇంగ్లండు ప్రయాణంలో ఏ ఊళ్ళో ఎంతసేపు ఉండాలన్నది ఆ నమ్మకాన్ని బట్టే నిర్ణయించుకున్నాను.

లండన్‌లో నేషనల్ గ్యాలరీకి ప్రవేశం ఉచితం, రద్దీ ఎక్కువ. గుర్రాల చిత్రాలకు పేరుపొందిన ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ 1762 ప్రాంతంలో వేసిన విజిల్‌జాకెట్ అనే పందెపు గుర్రం అక్కడ దాదాపు మూడు మీటర్ల ఎత్తున, వెనుక కొండా చెట్టూ ఏదీ లేకుండా నిలుచుని ఉంటుంది. చూసి తీరవలసిన చిత్రమే. అయినా రేఖాచిత్రాలు కొనదలచినవారికి అంతకన్నా ఎక్కువ నేర్పేది బ్రిటిష్ మ్యూజియంలో ముద్రణలనూ రేఖాచిత్రాలనూ చూపించే అధ్యయన మందిరం. ముందుగా సమయం తీసుకుని, చూడదలచినవాటి వివరాలు పంపితే, సిబ్బంది వాటిని తెచ్చి మన ముందు పెడతారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో గీసిన గుర్రాన్ని అలా చూసినప్పుడు, పెన్సిల్ గట్టిగా ఒత్తిన చోట కాగితం కాస్త కుంగి మెరవడమూ, దిద్దిన కాలి గీత పక్కనే మొదటి గీత చెరగకుండా మిగిలిపోవడమూ స్పష్టంగా కనిపించాయి. అచ్చువేసిన ప్రతిలో ఈ రెండూ ఉండవు. భూతద్దం పెడితే చుక్కలే కనబడతాయి.

హార్క్‌స్టో గ్రామంలో గుర్రాల కళేబరాలను పొర పొరగా విప్పి చూస్తూ స్టబ్స్ గీసిన శరీర నిర్మాణ చిత్రాలు లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీ సంగ్రహంలో ఉన్నాయి. 1766లో వెలువడిన తన గ్రంథానికి అచ్చు ఫలకాలను కూడా ఆయనే చెక్కుకున్నాడు. అయితే ఆ చిత్రాలు అన్నివేళలా ప్రదర్శనలో ఉండవు కనుక ముందుగా రాసి అడగడం తప్పనిసరి.

బసకు కేంబ్రిడ్జ్ మేలా, గుర్రప్పందేల ఊరైన న్యూమార్కెట్ మేలా అన్న ప్రశ్నకు నా ఓటు న్యూమార్కెట్‌కే. కేంబ్రిడ్జ్‌లో గదులు సులభంగా దొరుకుతాయి, ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఫ్రెంచి చిత్రకారుడు డెగా కృతులతో పాటు స్టబ్స్ వేసిన గిమ్‌క్రాక్ అనే పందెపు గుర్రం చిత్రం కూడా ఉంది. కాని వేకువనే వారెన్ హిల్ మీద పందెపు గుర్రాల సాధన చూడాలంటే రాత్రి న్యూమార్కెట్‌లోనే ఉండడం సుఖం. పందేల రోజుల్లోనూ గుర్రాల వేలం రోజుల్లోనూ గదులు దొరకడం కష్టం. 2016లో ప్యాలెస్ హౌస్ ఆవరణలో తెరిచిన జాతీయ గుర్రప్పందేల మ్యూజియంలో చిత్రశాలలూ, పందేల నుంచి విరమించిన గుర్రాలూ ఒకేచోట ఉన్నాయి. గోడ మీది చిత్రంలోని కండరాన్ని బతికున్న గుర్రంతో పోల్చి చూసుకునే వీలు వేరేచోట నాకు దొరకలేదు.

డెడమ్ గ్రామంలో గుర్రాల చిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ మన్నింగ్స్ 1919 నుంచి 1959లో మరణించేదాకా నివసించిన ఇల్లు మ్యూజియమైంది. చలికాలంలో మూసి ఉంటుంది; మానింగ్‌ట్రీ స్టేషన్ నుంచి టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. ఆయన బొమ్మలు వేసుకున్న స్టూడియో చూస్తే ఆ శ్రమ మరిచిపోతాము.

ఇక కొనుగోలు సంగతి. లండన్‌లో ఒక గ్యాలరీవారు ఫ్రేము విప్పి వెనుకవైపు చూపించడానికి ఒప్పుకోకపోవడంతో, చిత్రం నచ్చినా వదులుకున్నాను. ఇంకొకరు అడగకముందే విప్పి, ఆమ్లం ఉన్న అట్ట వల్ల అంచులు గోధుమరంగుకు తిరిగిన వైనం చూపి, ఆ స్థితినంతా రాతపూర్వకంగా ఇచ్చారు. అలాంటి చోటే కొనాలి. యాభై ఏళ్ళు దాటిన కృతి విలువ నిర్ణీత పరిమితిని మించితే బ్రిటన్ వెలుపలికి పంపడానికి లైసెన్సు కావాలి. దాని బాధ్యత ఎవరిదో రసీదులోనే రాయించుకోవాలి. బొగ్గుతోనో చాక్‌తోనో గీసినవాటిని చుట్టచుట్టి పంపనివ్వకూడదు. గాజు పగులుతుందని కొందరు అక్రిలిక్ పలక బిగిస్తారు గాని, దానిలో పుట్టే స్థిరవిద్యుత్తు పొడిని లాగేస్తుంది కనుక, మౌంటులోనే (చిత్రం చుట్టూ ఉండే అట్ట చట్రంలోనే), ఉపరితలానికి ఏదీ తగలకుండా ఎడం ఉంచి ప్యాక్ చేయమని అడగాలి.